అరుంధతి కనపడని అల్లుడు

ఆకాశం ఫోటోలు తీయడం నేర్చుకుంటామని వచ్చే కుర్రాళ్ళందరూ మొదట అడిగేది ఒకటే, ఏ కెమెరా కొనమంటారండీ అని. ముందు ఒక మంచి స్టూలు కొనుక్కోమంటాను. వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను. ఈ పనిలో ముప్పాతిక వంతు కూర్చోవడమే. మబ్బు తొలిగేదాకా, చంద్రుడు దిగేదాకా, పక్క చేలో బోరు దగ్గర లైటు ఎవరో ఒకరు ఆర్పేదాకా కూర్చోవాలి. నడుము లేనివాడికి నక్షత్రాలు లేవు.

జగ్గయ్యపేటలో నాది ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు సైజు మొహాలు పొట్టకోసం తీశాను. ఆకాశం మాత్రం సరదాకి మొదలుపెట్టి, వదల్లేక తీశాను. ఈమధ్య మోకాళ్ళు మొరాయించి స్టూడియో మూసేశాను. కొత్తగా దిగేవాళ్ళకి నేను చెప్పగలిగిందంతా నందిగామలో జరిగిన ఒక్క పెళ్ళిలో ఉంది. ఒక నక్షత్రం కనపడలేదన్న పాపానికి కొత్త పెళ్ళికూతురు అత్తవారింటికి వెళ్ళకుండా పుట్టింట్లోనే ఆగిపోయింది. ఆ నక్షత్రాన్ని పట్టిచ్చే బాధ్యత వచ్చి నా నెత్తిన పడింది. ఆ సంగతి చెప్పేముందు, ఆ పనికి నేనెంత తగినవాణ్ణో తెలియడానికి రెండు ముక్కలు చెప్పాలి.

మా గురువుగారి చంద్రుడు

నాకు పని నేర్పినాయన స్టూడియో యజమాని కోటయ్య గారు. అవి రీళ్ళ రోజులు. తాళి కట్టాక పురోహితుడు జంటని బయటికి తీసుకొచ్చి అరుంధతీ నక్షత్రం చూపిస్తాడు కదా, వేళ్ళు పైకెత్తి నిలబడ్డ ఆ ఫోటో లేకపోతే ఆల్బం ఇంటికి తీసుకెళ్ళరు. ముహూర్తం పట్టపగలైనా సరే, ఆయన చూపించాల్సిందే, వీళ్ళు కనపడిందని చెప్పాల్సిందే. ఎండకి కళ్ళు చికిలించుకుని నక్షత్రాన్ని చూస్తున్న దంపతులు మా షోకేసు నిండా ఉండేవారు.

కోటయ్య గారు నెగటివ్ మీద సన్న బ్రష్షుతో నల్ల ఇంకు చుక్క పెట్టేవారు. ప్రింటు వేస్తే అది తెల్లగా మెరిసేది. అదే అరుంధతి. ఎక్కడ పెట్టాలండీ అని నేను అడిగితే, "ఖాళీ ఎక్కడుంటే అక్కడ పెట్టరా. పెళ్ళికూతురి జుట్టు మీద మాత్రం పెట్టబాక, ఈపి అనుకుంటారు," అనేవారు.

ఒకసారి ఉత్సాహం పట్టలేక నెలవంక గీసి, దాని రెండు కొమ్ముల మధ్యలో నక్షత్రం పెట్టారు. ఆల్బం తీసుకున్నాయన హైస్కూల్లో సైన్సు మాస్టారు. మర్నాడే వచ్చాడు.

"చంద్రుడు వంకలాగా కనపడినా మిగతా గుండ్రం అక్కడే ఉంటదయ్యా. చంద్రుడికి ఇవతల నక్షత్రం ఎట్లా వచ్చింది?"

కోటయ్య గారు బ్రష్షు పక్కన పెట్టారు. "మాస్టారూ, మీ బావమరిది అలిగి పెళ్ళికే రాలా. గ్రూపు ఫోటోలో మీ పక్కన నిలబెట్టానా లేదా? అప్పుడేం అడగలేదే?"

మాస్టారు ఆల్బం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గురువుగారి ఆకాశం మొత్తం అబద్ధం. అందులో నాకు రెండో మాట లేదు. కానీ మొహం ఎప్పుడు పండుతుందో ఆయనకి తెలిసినట్టు నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు. అప్పగింతలప్పుడు అందరూ తల్లి ఏడుపు మీద పడితే, ఆయన తండ్రి కండువా సర్దుకునేదాకా ఆగి ఒక్కటే నొక్కేవారు. ఇప్పటి కుర్రాళ్ళు కంప్యూటర్లో వెతికి నక్షత్రాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా పట్టుకుంటారు. ఆ ఫోటోని ఎవరూ రెండోసారి చూడరు. అందం లేని ఆకాశం వట్టి మ్యాపు, నిజం లేని ఆకాశం ఫ్లెక్సీ. మధ్యలో ఎక్కడో ఉంది మన పని. పాలపుంతని కాస్త తెల్లగా చేయమని అడిగే పార్టీలు కూడా తగుల్తాయి. చేయకండి.

ట్రైపాడ్ కనపడితే రోడ్డు పడ్డట్టే

మన వైపు ఇంకో చిక్కుంది. మూడు కాళ్ళ స్టాండు చేలో కనపడిందంటే జనానికి గుర్తొచ్చేది సర్వే.

జి.కొండూరు దాటాక ఒక పత్తి చేను గట్టున పొద్దు వాలేవేళ ట్రైపాడ్ పెట్టుకున్నాను. ఆసామి సాంబయ్య గారు పరుగులాంటి నడకతో వచ్చాడు.

"రోడ్డు ఎటు పోద్దండి?"

"రోడ్డు కాదండి, నక్షత్రాల ఫోటోలు తీసుకుంటా."

"అట్టాగేలెండి. చెప్పొద్దన్నారా పైనోళ్ళు?"

కుర్చీ వచ్చింది, మజ్జిగ వచ్చింది. కాసేపటికి అవతలి చేను నుంచి ఆయన అన్నగారు వచ్చాడు. రోడ్డు తమ్ముడి చేలోంచి వెళ్తే ఊరికి మంచిదని అన్న, అన్న చేలోంచి వెళ్తే దగ్గర దారని తమ్ముడు నా రెండు చెవుల్లో వాదన మొదలుపెట్టారు. వీళ్ళకి మాటలతో నమ్మకం కుదరదని, కెమెరా మూతి ఎత్తి నిటారుగా ఆకాశంలోకి తిప్పి చూపించాను. ఇద్దరూ తలలెత్తి చాలాసేపు చూశారు.

"ఫ్లైఓవరా అండీ?" అన్నాడు అన్నగారు.

ఆ రోజు పాలపుంత దొరకలేదు, కోడి కూర దొరికింది. అప్పట్నించీ ఎక్కడికెళ్ళినా ముందు తీసిన ఫోటో ఒకటి సంచిలో పెట్టుకెళ్ళి ఆసామికి చూపించాకే స్టాండు విప్పేవాణ్ణి. మీరూ అలాగే చేయండి. లేదంటే అన్నదమ్ముల తగువులో సాక్షి సంతకం పెట్టాల్సి వస్తుంది.

నందిగామ పెళ్ళి

ఇక అసలు సంగతి. నందిగామలో అపరాల హోల్‌సేల్ వ్యాపారం చేసే వెంకటరత్నం గారి అమ్మాయి లావణ్య పెళ్ళికి ఫోటోలు నావి. పెళ్ళికొడుకు శ్రీకాంత్ మా జగ్గయ్యపేట వాడే. సిమెంటు ఫ్యాక్టరీ లాబులో ఉద్యోగం. సిమెంటు గట్టిదా కాదా అని పరీక్ష చేసి చెప్పడం అతని పని. లేని గట్టితనం ఉందని చెప్తే ఎక్కడో ఎవరి స్లాబో కూలుతుంది. ఆ అలవాటు ఒంటికి పట్టేసింది. నిశ్చితార్థం భోజనాల్లో సాంబారు ఎలా ఉందని కాబోయే మామగారు మర్యాదకి అడిగితే, "ఉప్పెక్కువైందండి," అన్నాడట. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నిజం మాత్రమే మాట్లాడే నోటికి ఏ ఊరూ కలిసిరాదు.

వైశాఖ పౌర్ణమి దగ్గర్లో, రాత్రి తొలిజాములో ముహూర్తం. తాళి కట్టాక పురోహితుడు జంటని ఫంక్షన్ హాలు ముందుకి తీసుకొచ్చాడు. పైన పిండారబోసినట్టు వెన్నెల, చుట్టూ సీరియల్ లైట్లు, పక్కన జనరేటర్ పొగ, వీటికి తోడు నా వీడియో లైటు. ఆయనకి అదే రాత్రి ఇంకో పెళ్ళి ఉంది. చూపు గడియారం మీద ఉంది, చెయ్యి ఆకాశం వైపు ఉంది.

"అదుగో, ఆ ఏడింట్లో కొసనించి రెండోది వశిష్ఠుడు, పక్కన చిన్నది అరుంధతి. కనపడిందామ్మా?"

"కనపడిందండి," అంది లావణ్య. తల ఎత్తడం ఆ తర్వాత.

"నాయనా?"

"కనపళ్ళేదండి."

పురోహితుడికి ఆ జవాబు కొత్త. "సరిగ్గా చూడు నాయనా."

"చూస్తున్నానండి. లైట్ల వెలుగు తప్ప ఏం లేదండి."

"పోనీ కనపడిందనుకో."

"అనుకుంటే కనపడినట్టు కాదు కదండీ."

నాకూ కనపడలేదు. నా లైటు ఆర్పినా ఆ వెన్నెల్లో కనపడేది కాదు. అయినా నన్నెవరూ అడగలేదు కాబట్టి నేను ఫోటో తీసుకున్నాను.

వెనకాల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న కనకమ్మ గారు, లావణ్య నాయనమ్మ, ఈ మాటలన్నీ విన్నారు. ఆవిడకి కంటి చూపు కొంచెం తగ్గింది గానీ చెవులు ఇరవై ఏళ్ళ పిల్లవి.

"ఏమన్నాడూ? కనపళ్ళేదన్నాడా?"

ఆవిడ కుర్చీలోంచి లేచారు. ఆయుష్షు తీరబోయేవాళ్ళకే అరుంధతి కనపడదని మనవైపు పెద్దవాళ్ళు అంటారు. ఆవిడ పెద్దకూతురి పెళ్ళిలో వాన కురిసి నక్షత్రం చూపించడం మానేశారు. ఏడాది తిరక్కుండానే ఆ అల్లుడు పోయాడు. అది గుర్తున్న మనిషి ఆ రాత్రి తీర్పు చెప్పింది.

"ఆ అబ్బాయి కళ్ళారా చూసి, చూశానని తన నోటితో చెప్పిందాకా పిల్లని పంపేది లేదు. నామీద కోపాలు పెట్టుకున్నా సరే."

అప్పగింతలు ఆగిపోయాయి. పెళ్ళివారు బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళిపోయారు. పెళ్ళికొడుకు కిటికీ పక్కన ఒక్కడే, పక్క సీట్లో అరటి గెల.

ఫోటో చాలదన్నాడు

రెండో రోజుకల్లా వెంకటరత్నం గారు నా స్టూడియోలో ఉన్నారు. గోడ మీద నేను తీసిన సప్తర్షి మండలం ఫోటో ఉంది. వశిష్ఠుడు, పక్కనే అరుంధతి, ఇద్దరూ విడివిడిగా స్పష్టంగా ఉన్నారు. ఆయన దాన్ని చూసి గోడకే నమస్కారం పెట్టారు.

"ఇది పట్టుకుని రండి ప్రసాదు గారూ. అబ్బాయి చూస్తాడు, మా అమ్మ ఒప్పుకుంటది, నా పరువు దక్కుద్ది."

నందిగామలో వాళ్ళింటి హాలు మధ్యలో ఫోటో నిలబెట్టాం. కనకమ్మ గారు మెత్తబడ్డారు. అల్లుణ్ణి పిలిపించారు. అతను దగ్గరికొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, శ్రద్ధగా చూశాడు.

"బాగుందండి. ఎంతసేపు ఎక్స్‌పోజర్?"

"అది తర్వాత నాయనా," అన్నారు మామగారు. "అరుంధతి కనపడిందా?"

"ఫోటోలో కనపడిందండి."

"మరింకేం."

"ఫోటోని చూసినట్టు అయిద్ది గానీ నక్షత్రాన్ని చూసినట్టు కాదు కదండీ."

ఆ క్షణంలో నాకతన్ని కొట్టాలనిపించింది. ఇంటికొచ్చాక గౌరవం కలిగింది. నా జీవితంలో నా ఫోటోని బాగుందంటూనే, ఇది ఆకాశం కాదని మొహం మీద చెప్పిన వాడు అతనొక్కడే.

ఆ రోజే చీకటి పడ్డాక వాళ్ళ డాబా ఎక్కాం. హైవే వెలుగు, వీధి దీపాలు, పైన వేసవి దుమ్ము. ఏమీ లేదు. లావణ్య అతని పక్కన నిలబడి గొంతు తగ్గించి అడగడం నాకు వినపడింది.

"ఒక్కసారి కనపడిందని అనొచ్చుగా. నీ సొమ్మేం పోయింది?"

"ఇప్పుడు అబద్ధం చెప్తే, రేపు నేను ఏం చెప్పినా నువ్వు నమ్ముతావా?"

ఆ అమ్మాయి తనే చెయ్యెత్తి, "ఆ పక్క చూడు," అని వెతకడంలో సాయం చేసింది.

గడువు కూడా ఉంది. ఈ నక్షత్రం ఎండాకాలం సాయంత్రాల్లోనే ఉత్తరాన పైకి ఉంటుంది. జ్యేష్ఠంలో మబ్బులు పడతాయి. ఆషాఢం వస్తే ఎలాగూ కొత్త కోడలు పుట్టింట్లోనే ఉండాలి. శ్రావణంలో వానలు. కార్తీకంలో సాయంత్రం వెతికితే ఆకాశంలోనే ఉండదు, తెల్లవారుజామున లేవాలి. ఇప్పుడు తప్పితే మాఘమే అని చెప్పాను. శ్రీకాంత్ మొహం చూస్తే నాకే జాలేసింది. అంతకాలం అరటి గెలతో కాపురం ఎవడు చేస్తాడు?

అమావాస్య అన్నందుకు

ఇక్కడ నేనొక తప్పు చేశాను. ఈ పనిలో ఉన్నవాళ్ళే చేసే తప్పు. మనకి చంద్రుడు శత్రువు, అమావాస్య పండగ. ఆ ఉత్సాహంలో నిండు ఇంట్లో నోరుజారాను.

"అమావాస్య నాడు వేదాద్రి గుడి దగ్గర ఏటి ఒడ్డుకి తీసుకెళ్దామండి. కొత్త జంటకి ఇంతకన్నా మంచి రోజు దొరకదు."

వంటింట్లో గరిటె కింద పడింది. వెంకటరత్నం గారు నన్ను వీధి గుమ్మం దాకా సాగనంపడానికి లేచారు. కనకమ్మ గారు మాత్రం కూర్చోబెట్టి నన్ను పైనించి కిందికి చూశారు.

"ఏవయ్యా ఫోటో అబ్బాయ్, నీ పెళ్ళికి ముహూర్తం ఎవురు పెట్టారు?"

నాకప్పటికి అరవై దగ్గరపడుతున్నాయి. పంచాంగం తెప్పించి, చంద్రుడు అర్ధరాత్రి దాటాక గానీ లేవని తిథులు వెతికి రాజీకి వచ్చాం. బహుళ దశమి అన్నాను. మంగళవారం వద్దన్నారు. ఏకాదశి బుధవారం ఖాయమైంది. ఆకాశం ఫోటోలు తీసేవాళ్ళు పంచాంగం చూడ్డం నేర్చుకోండి. చంద్రుడి సంగతి చెప్పడంలో ఫోను కన్నా తక్కువేం కాదు, పైగా పెద్దవాళ్ళు నమ్ముతారు.

ఏటి ఒడ్డున

బుధవారం సాయంత్రం వ్యాను బయల్దేరింది. వ్యానులో మామగారు, కనకమ్మ గారు, జంట, నేను. ఏకాదశి ఉపవాసం కాబట్టి పులిహోర లేదు, రెడ్డిగూడెం మామిడిపళ్ళ బుట్ట ఉంది. మడత కుర్చీ, విసనకర్ర, దోమల చుట్టలు ఉన్నాయి. నా సామాన్లకి చోటు లేక ట్రైపాడ్ నా ఒళ్ళో పడుకుంది.

గుడి దాటి, దీపాలకి దూరంగా ఏటి ఒడ్డున ఆగాం. ఏటికి వీపు పెట్టి ఉత్తరానికి తిరగమన్నాను. ఆకాశం నిండా నక్షత్రాలు ఉన్నాయి, సప్తర్షులున్న చోట మాత్రం దుప్పటి పరిచినట్టు ఒక మబ్బు. కూర్చున్నాం. నేను స్టూలు తెచ్చుకున్నాను కాబట్టి సుఖంగా కూర్చున్నాను. వెంకటరత్నం గారు నిలబడి చేతులు నలుపుకుంటూ మబ్బుని బతిమాలుతున్నారు. అది కదిలింది.

శ్రీకాంత్ లేచాడు. "ఒకటి కనపడిందండి. వశిష్ఠుడు."

"దాని పక్కన?" అన్నాను.

"ఆగండి." కళ్ళజోడు తీసి చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఉందండి. కుడి పక్కన, కాస్త కిందకి. చిన్నది. ఉందండి."

అతను ఉందంటే ఉన్నట్టే. లావణ్య ఏడ్చేసింది. ఈ ఘడియ వదలకూడదని, అందరినీ లేపి చుక్కల కింద వచ్చేలా నిలబెట్టి, కెమెరా పెట్టి, ఇరవై సెకన్లు ఎవరూ కదలొద్దని చెప్పి నొక్కాను.

ఆ ఇరవై సెకన్ల మధ్యలో కనకమ్మ గారి గొంతు వినపడింది.

"ఏదీ? నాకు కనపడదేం?"

ఎవరూ కదల్లేదు. నేను చెప్పినందుకు కాదు, భయపడి. ఆయుష్షు మాట ఆవిడ చెప్పిందే కదా.

"అమ్మా, నీ పెళ్ళప్పుడు చూశావుగా, అదేలే," అన్నారు వెంకటరత్నం గారు, కెమెరా టక్కుమన్నాక.

"నా పెళ్ళి పగలు జరిగిందిరా. ఎండలో ఏం కనపడుద్ది? మా అత్త గిల్లింది, కనపడిందన్నా." ఆవిడ మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. "ఇవాళ నిజంగా చూశా. కనపడలా."

ఏం మాట్లాడాలో తోచని చోట ఫోటోగ్రాఫరు చేసే పనే నేనూ చేశాను. "ఫోటో చూద్దురుగాని రండి," అని కెమెరా తెర ఆవిడ ముందు పెట్టాను. పెట్టాక నేను చూశాను. పైన ఏడుగురు ఋషులు, అరుంధతితో సహా. కింద దూరపు గుడి వెలుగులో శ్రీకాంత్, లావణ్య, వెంకటరత్నం గారు చెక్కినట్టు ఉన్నారు. కుర్చీ ముందు కనకమ్మ గారు ఉండాల్సిన చోట చీర ఉంది, చీర పైన సాంబ్రాణి పొగలాంటి తెల్లటి మరక ఉంది. మొహం లేదు. వెంకటరత్నం గారు నన్ను చూసిన చూపుకి నేను ఏట్లో దూకాల్సింది.

"నా మొహమేదయ్యా?" అన్నారు ఆవిడ.

"ఇరవై సెకన్ల ఫోటో అండి. కదలనివాళ్ళు పడతారు, కదిలినవాళ్ళు చెదిరిపోతారు. మీరు నక్షత్రం కోసం తల తిప్పి తిప్పి వెతికారు కదండీ."

ఆవిడ నా మాట పట్టించుకోలేదు. శ్రీకాంత్‌ని పిలిచారు.

"అబ్బాయ్, ఇక్కడ అబద్ధమాడనోడివి నువ్వొక్కడివే. ఈయన చెప్పేది నిజమేనా?"

"నిజమేనండి మామ్మగారూ. మేమంతా శవాల్లాగా బిగుసుకుపోయి నిలబడ్డాం. మీరొక్కరే కదిలారు."

"అయితే ఈ పటంలో బతికున్నట్టున్నది ఎవురు?"

శ్రీకాంత్ కెమెరా చేతిలోకి తీసుకుని, లాబులో సిమెంటు చూసినట్టు, ఒక్కొక్కరినీ వరసగా చూశాడు. చివరికి ఆ తెల్లటి మరక దగ్గర ఆగాడు.

"మీరేనండి."

కనకమ్మ గారు బుట్టలోంచి ఒక మామిడిపండు తీసి, చేత్తో నలుపుతూ కొడుకు వైపు తిరిగారు.

"రత్నం, రేపు ద్వాదశి, గురువారం. పొద్దున్నే పిల్లని పంపిచ్చెయ్యి. ఆ అబ్బాయి ఏం చెప్పినా నమ్మొచ్చు."